పదకొండు ఎడమ బూట్లు

ప్రొకోపీ తైబరెయ్ వేళ్లు తీసింది ఆసుపత్రి డాక్టరు కాదు. చలీ కాదు. మీరు. జిల్లా కేంద్రంలో, మూడో అంతస్తులో, గోడంతా వేడి నీళ్ల గొట్టాలు పాకిన గదిలో, కిటికీ గట్టు మీద పూలకుండీ పెట్టుకుని కూర్చున్న రవాణా భద్రతా విభాగం వాళ్లారా, మీరే తీశారు. ఎనిమిది వేళ్లు. రెండు బొటనవేళ్లు మాత్రం వదిలిపెట్టారు. ఎందుకు వదిలారో తర్వాత చెబుతాను.

నా తప్పు కూడా ఉంది. అది నేనే ముందు చెప్పేస్తాను, లేకపోతే మీరు చెబుతారు. ఆ రోజు స్క్రూడ్రైవరు పట్టింది నా చెయ్యి. దానికి అయిదు వేళ్లూ ఉన్నాయి, ఇది రాస్తున్నది దాంతోనే.

నా పేరు అగ్రఫేనా, ఊళ్లో గ్రూషా అంటారు. హర్వేయ్ ఊరి గరాజులో పంతొమ్మిదేళ్లుగా మెకానిక్‌ని. బడిలో ఏడు తరగతులు చదివాను, మిగతాది ఇంజన్ల దగ్గర నేర్చుకున్నాను. కాబట్టి నా రాతలో తప్పులుంటే దిద్దుకోండి. నేను చెప్పే విషయంలో దిద్దడానికి ఏమీ లేదు.

మా గరాజులో పదకొండు జీపులున్నాయి. ఒకటి టపా తెస్తుంది, రెండు జింకల మందల దగ్గరికి సరుకు మోస్తాయి, ఒకటి ఆసుపత్రి బండి. ఆసుపత్రి బండి ప్రొకోపీది. అన్నిటికీ ముందు అద్దం కింద, బానెట్ మీద, పుస్తకమంత కన్నం ఉంటుంది. హీటరు ఊపిరి పీల్చేది అక్కణ్నుంచే. మా దగ్గర తుపాను వస్తే పడేది దూదిలాంటి మంచు కాదు. జల్లించిన పిండి. నేల నుంచి లేచి అడ్డంగా కొట్టే పిండి. తాళం చెవి దూరే సందులోంచి కూడా లోపలికొచ్చి కుప్ప పోస్తుంది. అది ఆ కన్నంలో పడిందా, లోపల వేడి రేడియేటరు మీద కరుగుతుంది, కరిగిన నీళ్లు కిందికి జారి గడ్డ కడతాయి, గడ్డ మీద మళ్లీ పిండి అంటుకుంటుంది. అరగంటలో హీటరు గొంతు మూసుకుపోతుంది. పంకా ఇరుక్కుంటుంది, మోటారు కాలుతుంది. ఇక ఆ బండి ఇనప పెట్టె. లోపలున్నవాళ్ల ఊపిరే అద్దానికి పట్టి మంచవుతుంది.

ఇది మీ ఇంజనీర్లు పుట్టకముందే మా డ్రైవర్లకు తెలుసు. అందుకే టోపీ కుట్టారు. ఉన్ని అదిమి చేసిన బూటు, పిక్క దాకా వచ్చేది, దాని పై గొట్టం కోసి, కన్నం మీద బోర్లించి, నోరు అద్దం వైపు తిప్పి బిగిస్తారు. నేను పనిలో చేరిన కొత్తలో ప్రొకోపీ నాకు చెప్పిన పాఠం ఇంతే: "గ్రూషా, గాలికి వెనక్కి మళ్లడం తెలుసు. మంచుకు తెలీదు. అది దూకుడు మీద అద్దం ఎక్కిపోతుంది. అంతే, పో, టీ పెట్టు."

ఉన్నికి మంచు గట్టిగా అంటుకోదు. ఆగిన చోటల్లా అరచేత్తో మూడు దెబ్బలేస్తే రాలిపోతుంది. మా డ్రైవర్లు బండి దిగగానే ముందు టోపీని మూడు దెబ్బలు కొడతారు, తర్వాతే మనిషిని పలకరిస్తారు.

ఆ బూటు కూడా ఏదో ఒక బూటు కాదు. స్టీరింగు వదిలి వెళ్లే డ్రైవరు తర్వాతి వాడికి తన ఎడమ బూటు ఇచ్చి వెళ్లాలి. క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమ అడుగు ముందు అరిగిపోతుంది, గొట్టం మాత్రం కొత్తదానిలా ఉంటుంది. పారేయడానికి మనసొప్పని బూటు. ప్రొకోపీ బండి మీద ఉన్నది అకీమ్ తాత బూటు. అకీమ్ తాత పోయి ఇరవై రెండేళ్లు. ప్రొకోపీ పొద్దున్నే ఆ టోపీని కొడుతూ "లే తాతా, తెల్లారింది" అనేవాడు.

ఫిబ్రవరిలో తనిఖీకి మీరు పంపిన గెర్మన్ ల్వోవిచ్ హెలికాప్టరు దిగాడు. ఆకాశం అద్దంలా ఉన్న రోజు చూసుకుని దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. కాళ్లకు పల్చటి తోలు బూట్లు. గరాజులోకి వస్తూనే ఆసుపత్రి బండి ముందు ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది? బండికి బూటు తొడిగారా?"

"టోపీ అండి," అన్నాను.

"బూటే కదా. నాకు బూటు తెలీదా?"

బండి కింద పడుకుని నట్లు బిగిస్తున్న ప్రొకోపీ తల బయటపెట్టాడు. ముందు ఆ తోలు బూట్లనే చూశాడు.

"తమకు బూటు తెలిసుంటే వీటితో వచ్చేవారు కాదు బాబూ. పొయ్యి దగ్గరికి జరగండి. కాలి వేళ్లు తెల్లబడతాయి."

నవ్వు ఆపుకోలేక నేను అటు తిరిగాను. ఆయన నవ్వలేదు. ఫోటో తీసుకున్నాడు. ఏదో కాగితం చూసుకున్నాడు.

"తయారీ పత్రాల్లో ఇది లేదు. ఆమోదం లేని మార్పు. పైగా ఉన్ని. మండే పదార్థం. ఇంజను పక్కన."

"నలభై ఏళ్ల నుంచీ ఉంది, ఒక్కసారీ మండలేదండి," అన్నాను.

"మండలేదు కాబట్టి మండదనా?"

మీ అధికారి తన మాట రుజువు చేయడానికి నాచేత ఏం చేయించాడో మీ నివేదికలో లేదు. నేను రాస్తున్నాను, చదవండి. పదకొండు టోపీలూ విప్పమన్నాడు. విప్పాను. గరాజు పొయ్యిలో వేయమన్నాడు. వేశాను. ఉన్ని మండలేదు. పొగ పెట్టింది, కళ్లు మండించింది, ఎర్రగా కూడా కాలేదు. ఆయన దగ్గుతూ "కిరసనాయిలు పోయండి" అన్నాడు. పోశాను. అప్పుడు భగ్గుమంది.

"చూశారా?" అన్నాడు. "ఎలా మండుతోందో చూశారా?"

ప్రొకోపీ లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపు పొయ్యిలోకి చూశాడు.

"కిరసనాయిలు పోస్తే తమరూ మండుతారు బాబూ," అన్నాడు మెల్లగా. "తమర్ని కూడా నిషేధించమందామా?"

ఆ మాటకు ప్రొకోపీకి హెచ్చరిక కాగితం వచ్చింది. టోపీల బదులు మాకు అట్టపెట్టెలో పదకొండు ప్లాస్టిక్ మూతలు వచ్చాయి. నల్లవి, నున్నటివి, ప్రతి మూతకూ ముద్ర వేసిన పత్రం. చీలికలు మాత్రం ముందుకు. ఎదురుగా వచ్చిందంతా మింగడానికి నోరు తెరిచి పెట్టినట్టు. గాలి బాగా ఆడాలని అలా చేశారట. రోజూ ఊడ్చే తారు రోడ్ల మీద ఆడుతుంది కాబోలు.

మొదటి చిన్న తుపానుకే ప్రొకోపీ గరాజుకొచ్చి గుప్పెడు ముద్ద మంచు నా బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి బాబాయ్?"

"హీటరు కక్కింది. మీ దొరగారికి పార్సిలు కట్టు."

నేను మీకు అర్జీ రాశాను. మూత ప్రమాణాలకు అనుగుణంగా ఉంది, ఫిర్యాదు నిరాధారం అని జవాబిచ్చారు. మళ్లీ రాశాను. అదే జవాబు, తేదీ మార్చి పంపారు. రెండూ పొయ్యి మీద మేకుకు గుచ్చాను, రండి చూపిస్తాను. పైగా ప్రతి సోమవారం పదకొండు బండ్ల ముందు భాగం ఫోటోలు తీసి పంపాలని హుకుం. మూత లేని బండి ఆ రోజు నుంచే రోడ్డు ఎక్కకూడదు.

ప్రొకోపీ నన్ను అడిగాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

"గ్రూషా, నా పాత బూటు ఒకటుంది. రహస్యంగా ఒక టోపీ కుట్టి పెట్టవే. సోమవారం సోమవారం తీసేద్దాం."

"పట్టుకుంటే బండి ఆపేస్తారు బాబాయ్. ఆసుపత్రికి ఉన్నది ఆ ఒక్క బండే. ఇంకెంత, ఏప్రిల్ దాకా ఓర్చుకో."

ఆయన తల ఊపాడు. మళ్లీ అడగలేదు. రెండోసారి అడిగుంటే కుట్టేదాన్ని. ఆ మాట ఇప్పుడు అనుకోవడం చాలా తేలిక.

మార్చి పదకొండో తారీకు పొద్దున ఏడింటికి ఇన్నొకెంతీ వాలెయ్‌ని జింకలు లాగే చక్రాల్లేని మంచుబండి మీద ఊళ్లోకి తెచ్చారు. మందలు కాసే మనిషి, నలభై ఏళ్లుంటాయి. పొట్ట బల్లలా బిగుసుకుపోయింది. లోపల పేగు పగిలిందంది మా నర్సమ్మ తైసా. సాయంత్రంలోగా కోయకపోతే పోతాడంది. తుపాను లేస్తోంది, హెలికాప్టరు రాదు. ఆపరేషను చేసే ఆసుపత్రి అరవై కిలోమీటర్ల అవతల. తుపానులో బయలుదేరకూడదని మాకు పసిపిల్లలకు కూడా తెలుసు. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగాలి. కానీ పేగు ఆగదు కదా.

ఎనిమిదింటికి బయలుదేరారు. ముందు ప్రొకోపీ, వెనక తైసా, ఆమె ఒళ్లో ఇన్నొకెంతీ తల. బయలుదేరే ముందు ప్రొకోపీ అలవాటు కొద్దీ మూడు దెబ్బలు కొట్టాడు. ప్లాస్టిక్ టకటకలాడింది. నా వంక చూశాడు. నేను మంచు వంక చూశాను.

మిగతాది తైసా చెప్పింది. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర హీటరు మూలిగింది. ఇరవయ్యో కిలోమీటరుకి ఆగింది. ప్రొకోపీ దిగి మూత పీకి చూశాడు. లోపల హీటరు పెట్టె నిండా రాయిలాంటి మంచు. ఫ్లాస్కులో ఉన్న టీ అంతా దాని మీద పోశాడు. పంకా కాస్త కదిలింది. దాన్ని ఇక కాపాడుకోవాలి. కన్నానికి టోపీ కావాలి. కాళ్లకున్న బూట్లు విప్పితే నడిపేదెలా? అప్పుడు ఆయన తన చేతి తొడుగులు తీశాడు. జింక తోలువి, మోచేతి దాకా వచ్చేవి. రెంటినీ ఒకదానిలో ఒకటి దూర్చి, వంచి, నోరు అద్దం వైపు పెట్టి తాడుతో కట్టాడు.

"బాబాయ్, చేతులు?" అంది తైసా.

"చేతులు నావి. ఎక్కడికీ పోవు. హీటరు పోతే వాడు పోతాడు."

అలాంటి పొరపాటు మావాళ్లే చేస్తారు. ముందు బండి చలి కాచుకోవాలి, తర్వాత మనిషి అనుకుంటారు. ఎందుకంటే బండి బతికితేనే మనిషి బతుకుతాడు మరి.

తొడుగుల టోపీ పద్నాలుగు కిలోమీటర్లు పనిచేసింది. ఎవరు కొలిచారు అంటారేమో, మీటరు చూసి తైసా కొలిచింది. ఆ పద్నాలుగు కిలోమీటర్లూ హీటరు తిరిగింది. తర్వాత గాలి మలుపు తిరిగి తాడుతో సహా ఎత్తుకుపోయింది. మీ ప్లాస్టిక్ మూత సీటు కింద ఉంది, దాన్నే మళ్లీ పెట్టారు, ఇంకేం లేక. రెండు కిలోమీటర్లలో మోటారు కాలిన వాసన వచ్చింది.

అక్కణ్నుంచి ఇరవై నాలుగు కిలోమీటర్లు. అద్దం లోపలి వైపు తెల్లగా మూసుకుపోతుంటే ప్రొకోపీ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గోకుడు. టీ డబ్బా మూతతో గోకాడు, ఇనుము చర్మానికి అంటుకుంటోందని పారేసి వేళ్లతో గోకాడు. అరచేయంత కన్నం చేసుకుని అందులోంచి దారి చూశాడు. తైసా తన తొడుగులు ఇన్నొకెంతీ పాదాలకు తొడిగింది అప్పటికే. తన శాలువా ముందుకు విసిరింది.

"చుట్టుకో బాబాయ్!"

"చుట్టుకుంటే గోకడం కుదరదే పిల్లా. వాడేం చేస్తున్నాడు?"

"మూలుగుతున్నాడు."

"మూలగనీ. మూలిగేవాడు బతికినట్టే లెక్క. చేతులు నెప్పి పెట్టడం లేదులే, వెచ్చగానే ఉన్నాయి."

నెప్పి లేదని ఎందుకన్నాడో తైసాకి అర్థమైంది. నెప్పి ఆగిపోవడం ఏమిటో నర్సుకి తెలీదా? వెనక కూర్చుని ఏడ్చానని చెప్పింది. ఏడుపు వినపడకుండా ఇన్నొకెంతీని గట్టిగా తిట్టానని చెప్పింది.

అయిదింటికి ఆసుపత్రి గేటు ముందు ఆగారు. ప్రొకోపీ వేళ్లు స్టీరింగు వదల్లేదు. ఇద్దరు మనుషులు ఒక్కొక్కటే విడదీశారు. తెల్లగా, కొవ్వొత్తుల్లా ఉన్నాయంది తైసా. ఇన్నొకెంతీకి అదే సాయంత్రం కోసి కుట్టారు. బతికాడు. ప్రొకోపీకి పదో రోజు కోశారు.

రెండు వారాల తర్వాత నేను చేప కూరిన రొట్టె కాల్చి పట్టుకెళ్లాను. తునకలు చేసి ఆయన నోట్లో పెడుతున్నాను. రెండు చేతులూ కట్లతో, ఒక్కో కట్టులోంచి ఒక్కో బొటనవేలు బయటికి.

"ముళ్లు తియ్యవే, నేనేం పిల్లిని కాదు," అన్నాడు.

అప్పుడే మీ గెర్మన్ ల్వోవిచ్ వచ్చాడు. భుజాల మీద ఆసుపత్రివాళ్లిచ్చిన తెల్ల అంగీ, చేతిలో ఫైలు. ఈసారి కాళ్లకు ఉన్ని బూట్లున్నాయి. ఎవరు చెప్పారో మరి.

"ఎలా ఉన్నారు ప్రొకోపీగారూ? ఒక చిన్న సంతకం."

"చదవండి," అన్నాను నేను.

చదివాడు. నాకు కంఠతా వచ్చింది, ఎన్నిసార్లు నెమరేశానో. "డ్రైవరు తన సొంత చేతి తొడుగులతో గాలి ద్వారాన్ని మూసివేసినందున హీటరు పనిచేయలేదు. ఆమోదం లేని కప్పులు ప్రమాదకరమని ఈ ఘటన రుజువు చేస్తున్నది. వాటిపై నిషేధం శాశ్వతంగా కొనసాగాలి. రోగి క్షేమంగా చేరడం మన వాహనాల సంసిద్ధతకు నిదర్శనం."

తైసా నిజాయితీగా తొడుగుల సంగతి రాసిచ్చింది. మీరు ఆ ఒక్క ముక్క ఏరుకుని, ముందుది వెనక్కి, వెనకది ముందుకి పెట్టి కుట్టుకున్నారు.

"హీటరు ముందు ఆగింది," అన్నాను. "తొడుగులు తర్వాత కట్టాడు. కట్టాక మళ్లీ తిరిగింది!"

"అమ్మా, మీరు ఘటనా స్థలంలో లేరు కదా."

"నువ్వున్నావా?"

ఆయన నాతో మాట్లాడడం మానేసి ప్రొకోపీ వైపు వంగాడు. "మీరు సంతకం చేస్తే వ్యవహారం ఇక్కడితో ముగుస్తుంది. చేయి తిరగదని తెలుసు. వేలిముద్ర చాలు." జేబులోంచి సిరా పెట్టె తీశాడు. మూత కూడా తెరిచాడు. రెండు బొటనవేళ్లు ఎందుకు మిగిల్చారో నాకు అప్పుడు తెలిసింది.

ప్రొకోపీ సిరా పెట్టె వంక చూశాడు. కాగితం వంక చూశాడు.

"ఈ కాగితం మీద నేను వేలు పెడితే టోపీలు మళ్లీ రావు. అంతేనా?"

"నిషేధం ఉంటుంది, అవును."

"మిగతా పది మంది కుర్రాళ్లకీ?"

"అన్ని వాహనాలకీ."

"బాబూ, తమ దగ్గర నావి ఎనిమిది వేళ్లున్నాయి. అందులో ఏదో ఒకటి చూసి వేసుకోండి. ఇవి రెండూ నేనివ్వను."

ఆయన ఫైలు మూశాడు. "సంతకానికి నిరాకరించారు అని రాస్తాం. ఫలితం అదే." వెళ్లిపోయాడు. సిరా పెట్టె మంచం మీదే మరిచాడు.

ప్రొకోపీ నా చేతిలో ఉన్న తునక నోటికందుకున్నాడు. తర్వాత, "మంచం కింద నా బూట్లున్నాయి. ఎడమది తీసుకుపో," అన్నాడు. "నేనిక స్టీరింగు పట్టను కదా. ఇవ్వాలి. లెక్క ప్రకారం ఇవ్వాలి."

నేను ఏడవలేదు. అప్పుడు ఏడిస్తే ఆయన నా చేత ఇంకో ముక్క తినిపించుకునేవాడు కాదు.

నిన్న గరాజులో ఆ బూటు కోశాను. అడుగు అరిగిపోయి కాగితంలా ఉంది, గొట్టం కొత్తదే. కుడుతుండగా టపా బండి డ్రైవరు వచ్చి పక్కన కూర్చుని తన ఎడమ బూటు విప్పాడు.

"నువ్వు స్టీరింగు వదలడం లేదుగా," అన్నాను.

"వదిలేదాకా ఆగాలా? ప్రొకోపీ బాబాయ్ ఎలా వదిలాడో చూశాం కదా."

సాయంత్రానికి పది మందీ విప్పారు. ఇవాళ మా ఊళ్లో పది మంది డ్రైవర్లు కుడి కాలికి ఉన్ని బూటు, ఎడమ కాలికి జింక తోలుదో రబ్బరుదో దొరికింది తొడుక్కుని కుంటుతున్నట్టు తిరుగుతున్నారు. దుకాణం దగ్గర జనం నవ్వుతున్నారు. నవ్వనీ. పదకొండు బండ్ల మీద పదకొండు టోపీలున్నాయి.

ఇక వినండి. పదకొండు ప్లాస్టిక్ మూతలు సంచిలో కట్టి ఈ కాగితంతో పాటు పంపుతున్నాను. పత్రాలు కూడా లోపలే ఉన్నాయి, పూలకుండీ కింద పెట్టుకోండి. గురువారం తుపాను వస్తుందని రేడియో చెప్పింది. గురువారం లోపల నిషేధం ఎత్తేయండి. కంటితుడుపు కమిటీ వద్దు, పరిశీలన వద్దు, ఒక్క వాక్యం చాలు. ప్రొకోపీ పేరు మీద రాసిన ఆ నివేదిక చింపి, కొత్తది రాయండి: హీటరు ఆగింది ప్లాస్టిక్ మూత వల్ల. మూత పెట్టమన్నది గెర్మన్ ల్వోవిచ్. పెట్టింది అగ్రఫేనా. నా పేరు తీసేయకండి, ఉండాలి. దాని మీద నేను సంతకం చేస్తాను. కావాలంటే వేలిముద్ర కూడా వేస్తాను. మీ సిరా పెట్టె నా దగ్గరే ఉంది.

ఈ సోమవారం ఫోటోలు పంపుతున్నాం, టోపీలతో సహా. బండ్లు ఆగవు. ఆసుపత్రి బండి అసలు ఆగదు. టోపీలు విప్పించాలనుంటే ఇంకొకరికి హుకుం రాయకండి. మీరే రండి. తుపానులో రండి. స్క్రూడ్రైవరు నేనిస్తాను. తొడుగులు తీసేసి, ఒట్టి చేతులతో విప్పండి.